గాఫర్ గారి పదకొండు చొక్కాలు

శనివారం సాయంత్రం కెన్ హోల్‌రాయిడ్ గారు చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఎవరూ అంటే నేనే. ఆ ఇంట్లో ఆయన, నేను తప్ప మూడో మనిషి లేరు. ఆకుపచ్చ చొక్కాలు, తెల్ల కాలర్లు, వీపు మీద ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు. ఇస్త్రీపెట్టె తగిలితే అంకెల రంగు ఊడుతుందని పైన పలచటి గుడ్డ పరిచి నెమ్మదిగా నొక్కేవారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. చేతులు కాస్త వణికేవి గానీ మడత ఎక్కడా తప్పేది కాదు. పదకొండూ అయ్యాక వంటింటి కుర్చీల వీపులకు వేలాడదీసి, దూరంగా నిలబడి ఒకసారి చూసుకునేవారు. అప్పుడు టీ పెట్టమంటారా అని అడిగే హక్కు నాకు వచ్చేది.

నేను కెనడాలో బ్రాంప్టన్‌కి వచ్చింది 2022 డిసెంబర్‌లో. ఆ ఏడాది మనవాళ్ళు తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. ఏ బస్సెక్కినా తెలుగే, ఏ వేర్‌హౌస్ గేటు దగ్గర చూసినా తెలుగే. ఆరుగురు అమ్మాయిలకి ఒకటే బాత్రూం ఉన్న బేస్‌మెంట్‌లో మూడు వారాలు ఉన్నాను. నాలుగో వారం కిరాణా షాపు గోడ మీద చేత్తో రాసిన చీటీ ఒకటి కనిపించింది. గది ఉంది. ఒక్క అమ్మాయికి. పొగ తాగకూడదు. ఫుట్‌బాల్ అంటే చిరాకు పడకూడదు.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో చేసేవాడు. కంపెనీ గ్రౌండ్‌లో మ్యాచ్ ఉందంటే నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని పోయేవాడు. అందుకని, తలుపు తీసిన ముసలాయన నా పాస్‌పోర్టూ కాలేజీ కాగితాలూ అడగకుండా "ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుసా?" అన్నప్పుడు నేను తడబడలేదు. బల్ల మీదున్న ఉప్పు సీసానీ, నాలుగు చెంచాలనీ అటూ ఇటూ జరిపి చూపించాను. ఆయన మారుమాట లేకుండా తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ జట్టు మేనేజర్‌ని ఆటగాళ్ళు గాఫర్ అని పిలుస్తారట. మిస్టర్ హోల్‌రాయిడ్ అంటే బ్యాంకువాళ్ళు పిలిచినట్టు ఉంటుంది, గాఫర్ అను చాలు, అన్నారు. అంత పెద్దాయనని గారు లేకుండా పిలవడానికి నాకు నోరు రాలేదు. అలా ఆయన గాఫర్ గారయ్యారు. ఆ రెండో ముక్క ఏమిటని ఆయన చాలా రోజులు అడగలేదు. అది కూడా తన ఉద్యోగంలో భాగమే అనుకున్నట్టున్నారు.

ఆయన కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. మంచు తవ్వుతూ ఒక ముక్క, టీ తాగుతూ ఒక ముక్క. ఉత్తర ఇంగ్లండ్‌లో నూలు మిల్లుల చిన్న ఊళ్ళో పుట్టారు. పదహారేళ్ళకి అక్కడి క్లబ్బులో చేరి, రెండేళ్ళు సీనియర్ల బూట్లు తుడిచి, పద్దెనిమిదో ఏట మైదానంలోకి దిగారు. ఎడమ వైపు డిఫెండర్, మూడో నంబర్ చొక్కా. నాలుగో డివిజన్‌లో పన్నెండేళ్ళు, రెండు వందల పన్నెండు మ్యాచ్‌లు, మూడు గోల్స్. అందులో ఒకటి సొంత గోల్‌పోస్ట్‌లోకే కొట్టానని, అది కూడా కలిపితేనే మూడని ఆయనే చెప్పి నవ్వేవారు. గోడ మీద ఒకే ఒక్క ఫోటో, 1971 నాటి జట్టు. రెండో వరసలో చెవులు పెద్దవిగా ఉన్న కుర్రాడే ఈయన.

సీజన్ అయిపోగానే, వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకుంటున్నారో ఒక కాగితం మీద టైపు చేసి డ్రెస్సింగ్ రూం తలుపుకి అంటించేవారట. ఎవరూ ఏమీ చెప్పరు. ఒక్కొక్కరూ వెళ్ళి చదువుకోవడమే. ముప్పయ్యో ఏట ఈయన వెళ్ళి చదివారు. పై నుంచి కిందికి రెండుసార్లు, కింది నుంచి పైకి ఒకసారి. తన పేరు లేదు. వెనక్కి తిరిగి చూస్తే అక్కడున్న వాళ్ళందరూ బూట్ల లేసులు కట్టుకుంటూ తలలు వంచుకుని ఉన్నారు. పన్నెండేళ్ళ స్నేహం. ఒక్కరూ తల ఎత్తలేదు.

ముప్పై మూడేళ్ళకి అంతకన్నా చిన్న క్లబ్బుకి మేనేజర్ అయ్యారు. ఆటగాళ్ళలో ఒకడు పోస్ట్‌మాన్, ఒకడు మాంసం కొట్టువాడు. మొదటి సీజన్ చివర్లో క్లబ్బువాళ్ళు కాగితం అంటించమంటే ఈయన అంటించనన్నారు. తీసేయాల్సిన నలుగురి ఇళ్ళకీ బస్సులో వెళ్ళి, ఒక్కొక్కరి వంటింట్లో కూర్చుని, మొహం చూసి చెప్పి వచ్చారు. ఒకడు కప్పు విసిరాడు. ఫర్వాలేదు, చెప్పించుకునే హక్కు వాడికుంది, అనేవారు. మూడో ఏడు ఈయన్నీ తీసేశారు. ఆ సంగతి మంగలి షాపులో పేపర్ చదువుతుంటే తెలిసింది. సగం క్షవరంతో లేచి ఇంటికి వెళ్ళారట.

తరువాత టొరంటోలో ఒక జట్టుకి అసిస్టెంట్‌గా రమ్మంటే కెనడా వచ్చారు. ఏడాది తిరక్కుండా ఆ జట్టు మూతపడింది. కార్ల ఫ్యాక్టరీలో చేరి రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నారు. భార్య మార్గరెట్ ఈ చలి నా వల్ల కాదని ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. "వెళ్తున్నానని మొహం మీద చెప్పి వెళ్ళింది. గొప్ప మనిషి," అన్నారు నాతో, నిజంగా మెచ్చుకుంటూ.

ఆయనకి మిగిలింది ఆదివారం లీగ్‌లో అట్టడుగు డివిజన్‌లో ఉన్న రోవర్స్ జట్టు ఒక్కటే. ఇరవై ఆరేళ్ళుగా దానికి ఆయనే మేనేజరు. మొదట పోర్చుగీసు కుర్రాళ్ళు ఆడేవారు, తరువాత జమైకా వాళ్ళు, తరువాత పంజాబీలు. ఒక్కో తరం పెళ్ళిళ్ళు చేసుకుని, ఇళ్ళు కొనుక్కుని, లారీలు నడుపుకోవడానికి వెళ్ళిపోయేది. నేను వెళ్ళిన చలికాలానికి చొక్కాలు పదకొండు ఉన్నాయి గానీ మనుషులు లేరు.

మనుషుల్ని తెచ్చింది నేనే. పక్క వీధి బేస్‌మెంట్‌లో మనవాళ్ళు ఎనిమిది మంది ఉండేవారు. ఇంకో ముగ్గురిని వాళ్ళే పోగేశారు. ఒక్కడికీ ఫుట్‌బాల్ రాదు, అందరూ క్రికెట్టే. కరీంనగర్ జయదేవ్ వికెట్ కీపర్ కాబట్టి గోల్‌కీపర్ అయ్యాడు. గుంటూరు వికాస్ బక్కగా ఉన్నా గాలిలా పరుగెత్తేవాడు. గాఫర్ గారు వాడి పాదాల వంక ఒక పూటంతా చూసి, సాయంత్రం మూడో నంబర్ చొక్కా వాడికిచ్చారు. ఆ రోజు టీలో చక్కెర రెండుసార్లు వేసుకున్నారు.

నన్ను జట్టుకి సెక్రటరీ అన్నారు. పని ఏమీ లేదు, వాట్సాప్ గ్రూప్ చూసుకోవడమే. శుక్రవారం ఆయన పదకొండు పేర్లూ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించేవారు. అన్నిటి కింద నా పేరు. సాయంత్రం కుర్రాళ్ళు వంటింట్లోకి వరసగా వచ్చేవారు, షూలు గుమ్మం బయటే విప్పి. ఆయన ఒక్కొక్కడి కళ్ళలోకి చూసి అడిగేవారు. "ఆదివారం వస్తున్నావా? రాలేకపోతే రాలేనని మొహం మీద చెప్పు. నాకు కోపం రాదు." ప్రతివాడూ చేతులు కట్టుకుని "ష్యూర్ గాఫర్ గారు" అనేవాడు. ఒక్క శుక్రవారం కూడా ఒక్కడు కూడా కాదనలేదు. ఆయనకి అది చూస్తే ఎంత ఆనందమో! యాభై ఏళ్ళలో ఇంత నిక్కచ్చైన జట్టుని చూడలేదని జోర్జ్ గారితో ఫోన్లో చెప్పడం నేను విన్నాను. జోర్జ్ ఆ లీగ్‌లోనే ఇంకో జట్టు మేనేజర్, ఆయనకున్న ఒకే ఒక్క స్నేహితుడు.

ఇక్కడ మన సంగతి చెప్పుకోవాలి. పెద్దవాళ్ళు మొహం చూసి అడిగితే మనం కాదనం. అనలేం. పెళ్ళి శుభలేఖ ఇచ్చినవాడికి రాలేనని చెప్పిన తెలుగువాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వస్తామంటాం, వాళ్ళూ తలూపుతారు, రామని ఇద్దరికీ తెలుసు. అది మనకి అబద్ధం కాదు, మర్యాద. ఆ మర్యాద తెలియని మనిషి ఆ వంటింట్లో ఒక్కరే ఉన్నారు, ఆయనే అందరి మాటా నమ్మేవారు.

ఫుట్‌బాల్‌లో ఏడుగురు లేకుండా ఆట మొదలుపెట్టకూడదు. జూన్‌లో ఒకసారి ఐదుగురే వచ్చారు. జూలైలో ఇంకోసారి ఆరుగురు. బస్సు రాలేదని, నిద్ర పట్టేసిందని ఏవో చెప్పారు, ఆయన నమ్మారు. మూడోసారి అలా జరిగితే లీగ్‌లోంచి జట్టుని తీసేస్తారు. కొత్తగా చేరాలంటే నలభై జట్లు క్యూలో ఉన్నాయి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి నలభై జట్ల వెనక నిలబడి ఏం చేస్తారు? రోవర్స్ పోతే ఇంక ఆయన ఎవరికీ గాఫర్ కారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే లాంగ్ వీకెండ్‌లో మామూలుగా ఆటలుండవు. వానకి ఆగిపోయిన మ్యాచ్ కాబట్టి ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పెట్టారు. ఇద్దరు ఆటగాళ్ళని వేరే జట్టు నుంచి అరువు తెచ్చుకోవచ్చని లీగ్‌లో ఒక నియమం ఉంది. శుక్రవారం రాత్రి ఎనిమిది లోపల లీగ్‌వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే వికాస్ నాకు బస్టాపులో కలిశాడు.

"అక్కా, ఆదివారం పొద్దున ఆ వాన్ ఊళ్ళో వేర్‌హౌస్‌లో షిఫ్ట్ పడింది. లాంగ్ వీకెండ్ కదా, రానంటే మళ్ళీ నెల దాకా పిలవరు."

"మరి గాఫర్ గారికి చెప్పు."

"అమ్మో, ఆయన మొహం చూస్తా ఎలా చెప్పేదక్కా? పాపం పెద్దాయన. నువ్వే మెల్లగా చెప్పవా?"

చెప్తానన్నాను. చూశారా, నేనూ కాదనలేదు.

సాయంత్రం కుర్రాళ్ళు వరసగా వచ్చారు. వికాస్ వంతు వచ్చింది. "వస్తున్నావా?" "ష్యూర్ గాఫర్ గారు," అన్నాడు వాడు, నా వంక చూడకుండా. వాడి వెనక ఇంకో ఇద్దరు అదే మాట అన్నప్పుడు గొంతుల్లో ఏదో తేడా నాకు తెలిసింది. లెక్క వేసుకున్నాను. ముగ్గురు పోయినా ఎనిమిది మంది ఉంటారు. ఏడుగురు చాలు. ఊరికే ఆయన మనసు పాడుచేయడం ఎందుకు?

ఏడున్నరకి జోర్జ్ ఫోన్ చేశారు. ఇద్దరు కుర్రాళ్ళు ఖాళీగా ఉన్నారు, కావాలా అని. గాఫర్ గారు ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టి నా వైపు తిరిగారు.

"పదకొండు మందీ, కదా?"

ఆయన కళ్ళలో నవ్వు. ఆ నవ్వుని నేను ఆపలేకపోయాను.

"పదకొండు," అన్నాను.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఎనిమిదిన్నరకే ఆయన మైదానం కంచెకి చొక్కాలు వరసగా తగిలించారు. జయదేవ్ వచ్చి ఒకటో నంబర్ తీసుకున్నాడు. తరువాత ఒకరు, ఇంకొకరు. తొమ్మిదికి ఆరు చొక్కాలు పోయాయి, ఐదు మిగిలాయి. రిఫరీ పావుగంట ఆగుతానన్నాడు. నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళ ఫోన్లు లాకర్లలో ఉంటాయి, ఎవరెత్తుతారు? తరువాత తెలిసింది, ఐదుగురూ ఒకటే అనుకున్నారు. నేనొక్కడినే కదా రానిది, మిగతావాళ్ళు వెళ్తారులే, అని.

ఒక్కడు. ఒక్కడు తక్కువ.

తొమ్మిదీ పదికి గాఫర్ గారు కోటు విప్పి గడ్డి మీద పెట్టారు. కంచె దగ్గరికి వెళ్ళి మూడో నంబర్ చొక్కా తీసి తొడుక్కున్నారు. పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. రిఫరీ దగ్గరికి వెళ్ళి నిటారుగా నిలబడి, "నేను ఆడతాను," అన్నారు. రిఫరీకి నా వయసుంటుంది. అవతలి జట్టు నవ్వలేదు, వాళ్ళ మంచితనం. రిఫరీ ఆటగాళ్ళ జాబితా కాగితం పై నుంచి కిందికి చూసి, "సారీ సర్, ఇందులో మీ పేరు లేదు," అన్నాడు.

గాఫర్ గారు తలూపారు. నేను తల వంచుకుని నా షూ లేసు కట్టుకున్నాను. అది ఊడి లేదు.

అసలు బాధ తరువాతిది. రోవర్స్‌ని తీసేశారని ఉత్తరం వచ్చింది. ఆ రాని ఐదుగురిలో ఒక్కడూ ఇంటికి రాలేదు. వికాస్ మా వీధి వదిలేసి చుట్టూ తిరిగి బస్టాపుకి వెళ్ళేవాడు. ఒకసారి ఎదురుపడితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఏ మొహం పెట్టుకుని రమ్మంటావక్కా?" వచ్చిన ఆరుగురూ కూడా ఏమనాలో తెలియక రావడం మానేశారు. జయదేవ్ మాత్రం ఆరు చొక్కాలూ ఉతికి సంచీలో పెట్టి గుమ్మం ముందు వదిలిపెట్టి పోయాడు, బెల్ కొట్టకుండా. అడిగితే, "గట్ల ఆయన ముందల పోయి ఎట్ల నిలబడాలె అక్కా," అన్నాడు.

ఆట లేకపోయినా శుక్రవారం ఆయన పేర్లు రాసి ఫ్రిజ్‌కి అంటించారు. అవే పదకొండు, కింద నా పేరు. సాయంత్రం కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఆరయింది, ఏడయింది. ఇంక నా వల్ల కాలేదు.

"గాఫర్ గారూ, వికాస్ రాడని నాకు ముందే తెలుసు."

ఆయన తిరగలేదు. "జోర్జ్ ఫోన్ చేసేటప్పటికి తెలుసా?"

"తెలుసు."

ఆయన గుమ్మం వైపే చూస్తూ మెల్లగా, "మీలో ఒక్కరు కాదని ఉంటే మనం బతికేవాళ్ళం," అన్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ నిమిషంలో ఒక కప్పు తీసి నా మీదికి విసిరినా సంతోషించేదాన్ని.

"నేనంటే భయమా మీకు?"

"భయం కాదు. గౌరవం. మీ మొహం చూసి కాదనడానికి మనసొప్పలేదు."

ఆయన దాన్ని గురించి ఆలోచించారు. "తలుపుకి కాగితం అంటించినవాళ్ళు కూడా అదే అని ఉంటారు," అన్నారు. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదలదు.

చలికాలం ఎలా గడిచిందో చెప్పడానికి ఏమీ లేదు. శనివారాలు ఆయన ఇస్త్రీపెట్టె తీయలేదు. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం అలాగే ఉంది, అంచులు చుట్టుకుపోయి. ఏప్రిల్‌లో నాకు విమానంలో నాలుగు గంటల దూరమున్న ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది. బయలుదేరే రోజు ఉదయం ఆయనే టీ పెట్టారు. టాక్సీకి ఇంకా పది నిమిషాలుంది.

"మే నెలలో పార్కులో ఊరికే ఆడే జట్టొకటి కూడగడతాను," అన్నారు. "లీగూ ఏమీ ఉండదు. సెక్రటరీ లేకపోతే ఎలా? ఒక్క ఆదివారం వస్తావా?"

ఆ కళ్ళలో మళ్ళీ ఆ నవ్వు. తప్పకుండా వస్తానండీ అనే మాట నా నాలుక చివరే ఉంది. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"రాలేను గాఫర్ గారూ. కొత్త ఉద్యోగం, సెలవివ్వరు. మే నెలలోనే కాదు, ఈ ఏడాది రాలేను."

ఆయన లేచి నిలబడి నాతో చెయ్యి కలిపారు. "మొహం మీద చెప్పావు. థాంక్యూ," అన్నారు. నవ్వు మాత్రం పోయింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. సొరుగు మూసిన చప్పుడుతో పాటే బయట టాక్సీ హారన్ వినిపించింది. నేను షూలు వేసుకుని వచ్చేశాను.

నిజం చెబితే ఇద్దరి మనసూ తేలికపడుతుందనుకున్నాను. నాది పడలేదు. వస్తానని అబద్ధం చెప్పి ఉంటే ఆ కాగితం మే దాకా ఫ్రిజ్ మీద ఉండేది. ఆయన ఎవరినో ఒకరిని పోగేసేవారు, చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవారు. నేను రాకపోయినా ఆ నెల రోజుల ఎదురుచూపైనా ఆయనకి మిగిలేది. మనవాళ్ళ మర్యాదలో కాస్త దయ కూడా ఉందేమోనని ఎడ్మంటన్‌లో ఒంటరిగా కూర్చున్న ఆదివారాలు అనిపిస్తుంది, ఏడుపొస్తుంది.

మొన్న ఫోన్ చేశాను. జట్టు ఏమైందని అడిగాను. చూస్తున్నాను, అన్నారు. చొక్కాలు ఎక్కడున్నాయని అడిగితే, ఉన్నాయిలే, అన్నారు. ఎలా ఉన్నారు గాఫర్ గారూ, నిజంగా చెప్పండి, అన్నాను.

"బ్రహ్మాండంగా ఉన్నాను. నా గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు," అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ శుక్రవారం వంటింట్లో చేతులు కట్టుకుని నిలబడి, ష్యూర్ గాఫర్ గారు అన్న వికాస్ గొంతు అది.